టమాటా తొట్టిలో నీళ్ళెవరు పోశారు?

పది గంటల ఇరవై రెండు నిమిషాలకి మూడో అంతస్తు చేరుకున్న మీటరమ్మ తలుపు వైపు చూడలేదు. గోడ మీది పేరు పలకా చూడలేదు. వంగి, గుమ్మం పక్కనున్న చెప్పుల జత చేతిలోకి తీసుకుంది.

"ఇవెవరివి?"

"మా అత్తయ్యవండీ," అంది తాళం తీస్తున్న కోడలు.

"ఇంకో జత ఉందా?"

"లేదు. ఒకటి అరిగి తెగిపోతే గానీ ఇంకోటి కొననివ్వరు. పోలీసులు కూడా అక్కడే పట్టుకున్నారు. చెప్పులిక్కడే ఉన్నాయి, ఫోన్ ఇంట్లోనే ఉంది, అరవై నాలుగేళ్ళ మనిషి తనంతట తాను ఎక్కడికి పోతుంది, నువ్వే ఏదో చేసి ఉంటావని నిన్న ఐదు గంటలు స్టేషన్లో కూర్చోబెట్టారు."

మీటరమ్మ చెప్పుల్ని మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టింది. పదహారేళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకున్న మనిషి ఆవిడ. ఆ ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ ఆఫీసు తెరిచి ఎనిమిదేళ్ళయినా పేరు మాత్రం ఆవిడను వదల్లేదు. వదలాలని ఆవిడకీ లేదు. మనుషులు అబద్ధాలు చెప్తారు, మీటర్లు చెప్పవు అని ఆవిడ గట్టి నమ్మకం. ఆ నమ్మకమే ఇంకో గంటలో ఆవిడ పరువు తీసిందనుకోండి, అది వేరే సంగతి.

కేసు చూస్తే ఉన్నది గుప్పెడే. ఈ ఇంటి అత్తగారు సోమవారం నుంచి కనబడటం లేదు. ఇవాళ బుధవారం. కొడుకు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని మీద ఆదివారం ఊరెళ్ళాడు. అమ్మ కనబడటం లేదని తెలిసి, ఎక్కడున్నా వెతికిపెట్టమని నిన్న సాయంత్రం మీటరమ్మకి ఫోన్ చేసిందీ అతనే. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ మాత్రం కోడలి మీద కన్నేసి కూర్చున్నాడు. ఇవాళ పన్నెండు గంటల్లోగా ఏదైనా కబురు తెలిస్తే సరే, లేకపోతే అరెస్టు చేస్తానని మొహం మీదే చెప్పి వెళ్ళాడు. అంటే మిగిలింది గంటా ముప్ఫై ఎనిమిది నిమిషాలు.

"కూర్చోండి," అంది కోడలు.

"కూర్చుంటే నాకు బుర్ర పని చెయ్యదు. నువ్వు కూర్చో. ఆదివారం నుంచి చెప్పు, గంటలతో సహా."

ఆ పిల్ల కుర్చీ అంచున ఒదిగి కూర్చుంది. కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేసే ఉద్యోగం ఆమెది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళే ఇప్పుడు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి.

"ఆదివారం పొద్దున గొడవైంది. మిక్సీ పెట్టుకుందామని ఆవిడ టమాటాల పెట్టె ప్లగ్గు పీకాను. ఒక్క నిమిషమే. మళ్ళీ పెట్టేశాను. ఆవిడ చూసి ఇల్లు పీకి పందిరేశారు. ప్లగ్గు ఎప్పుడు పెడితే అప్పటి నుంచి లెక్క మొదలట దానికి. పదహారు గంటలు వెలుగు, ఎనిమిది గంటలు చీకటి. ఐదింటికి వెలగాల్సిన లైటు నా వల్ల తొమ్మిదింటికి మారిపోయిందని, సోమవారం తెల్లవారుజామున లేచి మళ్ళీ సరిచెయ్యాలని ఒకటే సాధింపు. పై అంతస్తువాళ్ళూ కింది అంతస్తువాళ్ళూ అంతా విన్నారు. పోలీసులకి అదే చెప్పారు."

"నువ్వేమన్నావు?"

కోడలు తల దించుకుంది. "నన్నూ మీ టమాటాలనీ ఒక ఇంట్లో పెట్టుకోలేరు, ఎవరో ఒకర్ని పంపించెయ్యండి అన్నాను."

"భేష్! పోలీసులకి పండగ. సాయంత్రం?"

"తలనొప్పి పట్టుకుంది. ఏడున్నరకే మాత్ర వేసుకుని గదిలో తలుపేసుకుని పడుకున్నా. తొమ్మిదింటికి మా ఆయన ఊరెళ్తూ తలుపు కొట్టి చెప్పి వెళ్ళారు. అంతే. సోమవారం నేను లేచేసరికి అత్తయ్య వంటింట్లో ఆ మొక్కల ముందు నిలబడి ఉన్నారు. పలకరిస్తే పలకలేదు. ఇంకా కోపం తగ్గలేదు కాబోలు అనుకుని ఎనిమిదిన్నరకి పనికి వెళ్ళిపోయా. ఆరున్నరకి వచ్చేసరికి లేరు."

"తలుపు?"

"లాగితే దానంతటదే పడే తాళం. పడి ఉంది."

"ఆవిడ తాళంచెవి?"

కోడలు తలెత్తింది. "అది... అది కనబడలేదండీ. పోలీసులు అడగలేదు, నేనూ అనుకోలేదు."

"వాళ్ళడగరు," అంది మీటరమ్మ, అప్పటికే వంటింట్లోకి నడుస్తూ.

వంటింటి గట్టు సగం ఆ పెట్టెదే. తెల్లటి తొట్టి, తొట్టి మూతకి ఆరు కంతలు, కంతకో చిన్న బుట్ట. ఒక్కో బుట్టలోంచి మోచేయంత ఎత్తు టమాటా మొక్క. మట్టి అన్నమాటే లేదు. వేళ్ళన్నీ మూత కింద నీళ్ళలోనే. మొక్కల పైన గొడుగులా ఒక లైటు, ఇప్పుడు ఆరిపోయి ఉంది. గుత్తులు గుత్తులుగా పసుప్పచ్చ పూలు, గోళీలంత కాయలు, అక్కడక్కడా ఎరుపు తిరిగినవి. తొట్టి పక్కన మొక్కలకి పోసే ఎరువు సీసాలు రెండు, నీళ్ళలో ఎరువెంతుందో చూపే పెన్నులాంటి మీటరు ఒకటి. గోడకి ఒక కాగితం, ముత్యాల్లాంటి అక్షరాలతో.

"మీ అత్తయ్య ఏం పని చేసేవారు?"

"కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకునేవారు. రిటైరై ఆరేళ్ళు. ఉప్పు డబ్బా మీద కూడా తారీఖు రాస్తారు."

పెట్టెకి ఇవతల నాలుగు గాజు గ్లాసులు వరసగా ఉన్నాయి, ఒక్కోదాన్లో ఒక్కో నారు మొక్క. మూడింటి మీద విత్తనం వేసిన తారీఖులు. అవి నవనవలాడుతున్నాయి. నాలుగోది మాత్రం వడిలి, నల్లబడి, గ్లాసు అంచు మీదికి వాలిపోయి ఉంది. దాని చీటీ మీద తారీఖు లేదు. 'ఆదివారం, రాత్రి 8-40' అని ఉంది, పక్కన ఒక ప్రశ్నార్థకం.

"ఇదెప్పుడు చచ్చింది?"

"తెలీదండీ. ఆదివారం పొద్దున నాలుగూ బాగానే ఉన్నాయి. ఇంక ఆ వైపు చూస్తే ఒట్టు."

మీటరమ్మ గ్లాసు వాసన చూసింది. ఏమీ తెలియలేదు. తెలియనిదాన్ని తెలియనట్టు వదిలెయ్యడం ఆవిడ వల్ల కాదు. గ్లాసు ఎత్తి దించి, ఎత్తి దించి, చివరికి విసుక్కుని పైకి చూసింది. "ఐదింటి నుంచి వెలగాల్సిన లైటు ఇప్పుడెందుకు ఆరి ఉంది?"

"అదేమోనండీ. నిన్న రాత్రి మాత్రం ఆరనే లేదు. నాకు నిద్రెక్కడ? ఆ వెలుగు తలుపు సందులోంచి కళ్ళలో పడుతూనే ఉంది. మూడూ ఇరవైకి ఆరింది. ఫోన్‌లో టైము చూసుకున్నా."

మీటరమ్మ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. మూడూ ఇరవై నుంచి పదహారు గంటలు వెనక్కి. ఆవిడ మొహం వెలిగిపోయింది.

సరిగ్గా అప్పుడే హాల్లో బూట్ల చప్పుడైంది.

"ఏమిటి మీటరమ్మగారూ, రీడింగ్ తీసుకోవడం అయిందా?" ఇన్‌స్పెక్టర్ వంటింటి గుమ్మానికి భుజం ఆనించి నిలబడ్డాడు. వెనక ఒక కానిస్టేబుల్. "అయితే బిల్లు ఇచ్చేసి బయల్దేరండి. మాకు పనుంది."

పోయినేడు ఒక కేసులో అతను పట్టుకున్న దొంగ దొంగ కాదని తేల్చింది మీటరమ్మే. అది పేపర్లో పడింది. అప్పటి నుంచి ఆవిడ ఎదురుపడితే చాలు, అతనికి ఒళ్ళు మండుతుంది. ఆవిడకేమో అతని మీసం చూస్తేనే చిరాకు.

"పన్నెండు అన్నారు. ఇంకా పదకొండూ పద్దెనిమిదే," అంది.

"తొందరపడితే తప్పా? ఆ అమ్మాయి ఎలాగూ రావాల్సిందే."

"రెండు నిమిషాలాగండి. ఇప్పుడీ లైటు వెలుగుతుంది. ఎవరూ ముట్టుకోరు, దానంతటదే."

"మంత్రమా?"

"లెక్క."

నలుగురూ ఆ పెట్టె వైపే చూస్తూ నిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్ నవ్వాపుకుంటున్నాడు. కోడలు గుండె మీద చెయ్యి వేసుకుంది. సరిగ్గా పదకొండూ ఇరవైకి గొడుగు కింద తెల్లటి వెలుగు గుప్పుమంది.

"చూశారా!" మీటరమ్మ చెయ్యి గాలిలో ఊగింది. "ప్లగ్గు పెట్టిన గంట నుంచే దీని లెక్క మొదలు. సోమవారం తెల్లవారుజామున ఆవిడ ఐదింటికి సరిచేశారు. ఇవాళ పదకొండూ ఇరవైకి వెలిగిందంటే, నిన్న పదకొండూ ఇరవైకి ఎవరో ఈ ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టారు. అప్పుడు ఈ అమ్మాయి ఎక్కడుంది?"

"నా ముందే, హాల్లో," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మరి వంటింట్లో ఉన్నదెవరు? కనుక్కోండి! మీరు హాల్లో ఉండగానే మీ ముక్కు కింద ఎవరో..."

ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరిగాడు. "ఏమయ్యా, నిన్న నీ ఫోన్ ఛార్జింగ్ ఎక్కడ పెట్టావు?"

కానిస్టేబుల్ నీళ్ళు నమిలాడు. "ఇక్కడే సార్. ఆ మొక్కల ప్లగ్గు తీసి పెట్టుకున్నా. మీరు పిలవగానే మళ్ళీ దాన్ని పెట్టేసి వచ్చేశా సార్."

ఇన్‌స్పెక్టర్ నవ్విన నవ్వు నాలుగిళ్ళ అవతలికి వినబడి ఉంటుంది. మీటరమ్మ మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. అంత గొప్పగా చెయ్యి ఊపకుండా ఉండాల్సిందని ఆవిడకీ అనిపించింది, కానీ ఊపేసిన చేతిని ఏం చేస్తాం? ఆ చేత్తోనే తొట్టి మూత మీద ఒక్కటిచ్చుకుంది.

మూత దగ్గరున్న చిన్న కిటికీలో ఎర్ర బెండు కదిలింది. నీళ్ళెంతున్నాయో చూపించే బెండు అది. మీటరమ్మ వంగి చూసింది. ఇంకా వంగింది. బెండు పైగీతకి ఆనుకుని ఉంది.

"నవ్వడం అయిపోతే ఇటు రండి," అంది, గొంతు మారిపోయింది. "అమ్మాయ్, దీన్లో నీళ్ళు నువ్వు పోశావా?"

"నేనా? నేను ముట్టుకోలేదండీ. ఆ సీసాల్లో ఏది ముందు పొయ్యాలో కూడా నాకు తెలీదు."

మీటరమ్మ గోడ మీది కాగితం మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఆవిడే రాశారు. ఈ ఆరు మొక్కలూ రోజుకి లీటరుంబావు తాగుతాయి. తొట్టి పట్టేది నాలుగు లీటర్లు. సోమవారం పొద్దున నిండుగా పోసినా ఇవాల్టికి సగానికి పైగా దిగిపోవాలి. దిగలేదు. నిండుగా ఉంది."

"ఈ అమ్మాయే కుళాయి నీళ్ళు పోసి ఉంటుంది."

"మంచి మాట అన్నారు." మీటరమ్మ ఆ పెన్నులాంటి మీటరు మూత తీసి నీళ్ళలో ముంచింది. ఎనిమిది వందల ఎనభై చూపించింది. "కుళాయి నీళ్ళయితే దీన్లో సగం కూడా చూపించదు. కాగితంలో పూత, పిందె ఉన్నప్పుడు ఎనిమిది వందల యాభై నుంచి తొమ్మిది వందల దాకా అని ఉంది. రెండు సీసాల్లోవీ కొలిచి కలిపి, సరిచూసి పోశారు. ఎవరా మనిషి?"

ఇన్‌స్పెక్టర్ మీసం నిమురుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

మీటరమ్మకి ఇప్పుడు పట్టపగ్గాల్లేవు. మొక్కల ఆకులు పక్కకి జరిపి కాండాలు చూసింది. కాండానికీ కొమ్మకీ మధ్య పుట్టే పిలకల్ని ఎవరో గోటితో గిల్లేశారు. గిల్లిన చోట ఇంకా తడి ఆరలేదు. సింకు పక్కన వేలాడుతున్న తువ్వాలు లాగింది. దాని మీద పసుపూ ఆకుపచ్చా కలిసిన మరకలు, తడి కూడా ఉంది. తన వేళ్ళు చూసుకుంది. రెండాకులు జరిపినందుకే అదే రంగు అంటుకుంది.

"నిన్నటివి కావు, ఇవాళ్టివి. తొమ్మిదీ యాభైకి నేను దారి తప్పానని ఫోన్ చేస్తే ఈ అమ్మాయి నన్ను తీసుకురావడానికి సందు చివరికి వచ్చింది. పదీ ఇరవై రెండుకి ఇద్దరం పైకి వచ్చాం. ఆ అరగంటలో తాళంచెవి ఉన్న మనిషి ఇంట్లోకి వచ్చింది. నీళ్ళు పోసింది, పిలకలు గిల్లింది, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. దొంగలు చేసే పనులా ఇవి? ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు ఎవర్ని చంపేశారని ఈ పిల్లని పట్టుకుపోదామనుకుంటున్నారో ఆవిడ బతికే ఉంది. గంట కిందట ఇదే గట్టు దగ్గర నిలబడింది."

కోడలు అక్కడే నేల మీద కూలబడి భోరుమని ఏడ్చేసింది. "బతికే ఉన్నారా? అత్తయ్య బతికే ఉన్నారా?" అని అదే మాట.

ఇన్‌స్పెక్టర్ తువ్వాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "పక్క వీధిలో నాకింకో పనుంది. పన్నెండుకి మళ్ళీ వస్తా. మనిషిని చూపించండి. ఈ తువ్వాళ్ళూ ఆకులూ కోర్టుకి పట్టుకెళ్ళలేను," అని కానిస్టేబుల్‌ని తీసుకుని వెళ్ళిపోయాడు.

మీటరమ్మ వెంటనే కొడుక్కి ఫోన్ చేసింది. పని అప్పగించిన మనిషికి మంచి కబురు ముందు చెప్పాలి కదా. పదకొండూ ముప్ఫై ఆరు.

"మీ అమ్మగారు బతికే ఉన్నారు. ఇక్కడే ఎక్కడో దగ్గర్లోనే ఉన్నారు. ఇంకాసేపట్లో పట్టుకుంటా."

అవతలి నుంచి మాట వెంటనే వచ్చింది. సంతోషంతో ఆగలేకపోతున్నాడు కాబోలు అనుకుంది మీటరమ్మ.

"ఎక్కడ?" అన్నాడు అతను.

"ఇంకా తెలియాలి."

"ఏమైనా చెప్పిందా? ఆదివారం నీరసంగా ఉందంటే గ్లూకోజు నీళ్ళు కలిపిచ్చాను. అవి తాగిందో లేదో... ఏమీ అనలేదా?"

"మనిషే కనబడలేదు బాబూ, ఏమంటారు?"

"సరే సరే. నేను బస్సు దిగాను. పావుగంటలో అక్కడుంటా. దొరకగానే ముందు నాకు చెప్పండి. పోలీసులకి కాదు, నాకు."

ఫోన్ జేబులో పెట్టుకుని మీటరమ్మ గుమ్మం దాటింది. చెప్పుల్లేని మనిషి. మెట్లు దిగితే గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. అతను సోమవారం నుంచీ ఆవిడను చూడలేదని నిన్ననే పోలీసులకి చెప్పాడు. కాళ్ళకి ఏమీ లేకుండా మనిషి వెళ్ళేది ఎంత దూరం? వసారా అవతలి దాకా. అక్కడున్నది ఒక్క తలుపే.

తలుపు కొడితే బట్టలు కుట్టే ఆవిడ తీసింది, జానెడు మాత్రమే. మెడలో కొలత టేపు, నోట్లో రెండు గుండుసూదులు. ఒంటరి మనిషి. నిన్న పోలీసులకి ఏమీ చూడలేదని చెప్పింది కూడా ఆమే.

"చెప్పిందే మళ్ళీ చెప్తున్నా. సోమవారం నేను మిషను మీద నుంచి తలెత్తలేదు. ఎవర్నీ చూడలేదు," అంది, సూదులు తీసి.

"ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఎత్తలేదు?"

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా."

"అన్నం కూడా తినలేదా?"

"తిన్నా. తింటూ కూడా ఎవర్నీ చూడలేదు."

"ఆవిడతో మీకు మాటలున్నాయా?"

"ఉన్నాయి, లేవు. ఎదురింటివాళ్ళు కదా, ఎంత కావాలో అంత."

"కాసిని మంచినీళ్ళిస్తారా? పొద్దుటి నుంచి గొంతు తడారిపోతోంది."

మంచినీళ్ళు అడిగిన మనిషి మొహాన తలుపు వెయ్యలేక ఆమె పక్కకి జరిగింది. మీటరమ్మ లోపలికి వచ్చింది, వెనకే కోడలు. కుట్టు మిషను, కత్తిరించిన గుడ్డ పేలికలు, గోడకి వేలాడుతున్న సగం కుట్టిన చొక్కాలు. కిటికీ గట్టు మీద ఒక గ్లాసు నీళ్ళు. నీళ్ళలో వేలెడంత టమాటా పిలకలు మూడు నిలబెట్టి ఉన్నాయి. ఆకులింకా వాడలేదు.

మీటరమ్మకి నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఇంట్లోవాళ్ళకి కూడా కనబడకుండా దాక్కున్న మనిషి! అయినా గిల్లిన పిలకల్ని చెత్తబుట్టలో వెయ్యడానికి చేతులు రాలేదు. నీళ్ళలో పెడితే వేళ్ళు తొడిగి మొక్కలవుతాయని తెచ్చి పెట్టుకుంది.

"పెద్దమ్మగారూ, బయటికి రండి," అంది లోపలి గది వైపు తిరిగి. "పిలకలు బాగానే నాటుకునేట్టున్నాయి."

కుట్టుపని ఆవిడ చేతిలోంచి మంచినీళ్ళ గ్లాసు జారింది. లోపలి గది తలుపు మెల్లగా తెరుచుకుంది. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు, గోళ్ళ చుట్టూ పసుప్పచ్చ మరకలు.

"అత్తయ్యా!" కోడలు పరిగెత్తుకెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. "నన్ను తిట్టండి, కొట్టండి, ఇలా చెప్పకుండా వెళ్ళిపోతే ఎలా? చచ్చిపోయాననుకున్నాను."

అత్తగారు చేతులు వెనక్కి లాక్కుంది. ఆ పిల్ల మొహంలోకి చూడలేక పక్కకి చూసింది. "నా బీపీ మాత్రలు బీరువాలో ఉన్నాయి. తీసుకురా."

"ఇప్పుడే తెస్తా," అని కళ్ళు తుడుచుకుంటూ కోడలు బయటికి పరిగెత్తింది. ఆమె వెళ్ళగానే అత్తగారు కుర్చీలో కూలబడింది.

"దాని ముందు చెప్పలేను. నాకు విషం పెట్టిందమ్మా మా కోడలు," అంది.

మీటరమ్మ ముందుకి వంగింది. "ఎప్పుడు?"

"ఆదివారం, ఎనిమిదీ నలభైకి. నీరసంగా ఉందంటే గ్లూకోజు నీళ్ళొచ్చాయి. ఒక్క గుక్క నోట్లో పోసుకోగానే తేడా తెలిసింది. ముప్ఫై ఏళ్ళు ల్యాబ్‌లో పని చేశాను, నా నాలుకని నేను నమ్ముతాను. ఉమ్మేశాను. మిగిలింది ఒక నారు మొక్క గ్లాసులో పోసి టైము రాసి పెట్టాను. తెల్లారి ఐదింటికి చూస్తే ఆ ఒక్క మొక్కా నల్లగా మాడిపోయి ఉంది. పక్కనున్న మూడూ పచ్చగా ఉన్నాయి." ఆవిడ చీర చెంగు వేలికి చుట్టుకుంది. "పొద్దున ఆ టమాటాల దగ్గర నేనన్న మాటలకే ఇంత పగ పెట్టుకుందా అనుకున్నాను. ఆ నీళ్ళు కాస్త సీసాలో పట్టుకొచ్చి ఈవిడకిచ్చి, నా పాత ల్యాబ్‌కి పంపాను. రేపు చెప్తామన్నారు. ఆ కాగితం చేతికి రాకుండా నోరు జారితే ఒక ఆడపిల్ల బతుకు పాడవుతుంది. అందుకే నోరు మూసుకుని కూర్చున్నాను."

"నోరు మూసుకుంటేనే ఆ పిల్ల బతుకు పాడయ్యేది! పన్నెండింటికి జైలుకి పోయేది, తెలుసా?" మీటరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "దాక్కున్నవాళ్ళు మళ్ళీ ఇంట్లోకెందుకు వెళ్ళారు?"

"పూత మీదున్నాయమ్మా. ఇంట్లో గాలి లేదు, తేనెటీగ లేదు. రోజూ గుత్తిని వేలితో తట్టకపోతే పూత మొత్తం రాలిపోతుంది. మనసు ఆగలేదు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మావాడికి కబురు చేశారా? ఈ ఇల్లు అమ్మే కాగితం మీద సంతకం పెట్టనన్నానని నెల్లాళ్ళుగా సరిగ్గా మాట్లాడటం లేదు. అయినా ఎంతైనా కన్నకొడుకు కదా. వాడొస్తే గానీ నాకు ధైర్యం లేదు."

గదిలో అటూ ఇటూ తిరుగుతున్న మీటరమ్మ ఉన్నచోటే ఆగిపోయింది.

"ఆ గ్లాసు మీ చేతికి ఎవరిచ్చారు?"

"మావాడే తెచ్చిచ్చాడు. కలిపింది అదే అయ్యుంటుంది, వంటింట్లో."

"మీ కోడలు ఏడున్నరకే తలనొప్పని పడుకుంది. గ్లూకోజు నీళ్ళ సంగతే ఆ పిల్లకి తెలీదు."

"మరి...?"

మీటరమ్మ చెయ్యి ఫోన్ ఉన్న జేబు మీదికి వెళ్ళింది. తాగిందో లేదో అని అడిగిన గొంతు చెవిలో ఇంకా ఉంది. పోలీసులకి కాదు, నాకు. బతికే ఉందని చెప్పిందెవరు? తనే. అంత ఆనందంగా, అడక్కుండానే చెప్పింది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పదకొండూ యాభై రెండు.

అప్పుడే వసారాలోంచి కోడలి గొంతు వినిపించింది. పిట్టగోడ మీంచి కిందికి వంగి, గొంతు చించుకుని, మూడు రోజుల్లో మొదటిసారి నవ్వుతూ అరుస్తోంది.

"ఏవండీ! వచ్చేశారా! అత్తయ్య దొరికారండీ! ఎదురింట్లోనే ఉన్నారు, త్వరగా పైకి రండి!"

"వచ్చాడు!" అత్తగారి మొహం విప్పారింది. లేచి తలుపు దగ్గరికి నడిచింది. మీటరమ్మ ఒక్క అంగలో ఆవిడను దాటి తలుపు మూసి గడియ పెట్టింది.

"అదేంటమ్మా, నా కొడుకు..."

"పెద్దమ్మగారూ, ఇందాక మీ అబ్బాయి నన్నడిగింది మీరెలా ఉన్నారని కాదు. గ్లూకోజు నీళ్ళు తానే కలిపిచ్చానని చెప్పాడు. అవి మీరు తాగారో లేదో అడిగాడు."

అత్తగారు గడియ వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. మీటరమ్మ ఫోన్ తీసి, ఈ జన్మలో చెయ్యకూడదని ఒట్టేసుకున్న ఇన్‌స్పెక్టర్ నంబరుకే చేసింది. "మనిషి దొరికింది. ఎదురింట్లో. పరిగెత్తండి," అంది. మెట్ల మీద అడుగులు రెండేసి మెట్లు దాటుకుంటూ వస్తున్నాయి. కుట్టుపని ఆవిడ బల్ల మీంచి పెద్ద కత్తెర అందుకుని గోడకి ఆనుకుంది.

అడుగులు తలుపు దగ్గర ఆగాయి. "ఇక్కడేనండీ, లోపలే ఉన్నారు," అంటోంది కోడలు, ఆయాసపడుతూ.

"అమ్మా," అన్నాడు కొడుకు. గొంతు ఎంతో మెత్తగా ఉంది. "నేనేనమ్మా. తలుపు తియ్యి."

ముప్ఫై ఏడేళ్ళుగా ఆ పిలుపు వింటే చేతిలో పని చేతిలోనే వదిలేసి తలుపు తీసిన మనిషి, ఉన్నచోటే నేల మీద కూర్చుని, ఏడుపు బయటికి వినబడకుండా రెండు చేతులతో నోరు మూసుకుంది.